కోలాటం కర్రలూ, బీపీ మిషనూ

బీపీ ఒకసారి చూపించుకోండి అని ఎవరితోనైనా అంటే, మనవాళ్లలో చాలామంది నోట వచ్చే మొదటి మాట ఒకటుంది. "నాకెందుకుంటుందండీ బీపీ, నాకసలు కోపమే రాదు" అంటారు. ఇంట్లో గట్టిగా అరిచేవాళ్లకి బీపీ ఉంటుందనీ, నెమ్మదస్తులకి ఉండదనీ ఏళ్ల తరబడి అనుకుంటూ వస్తున్నాం. ఈ నమ్మకం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. కోపం వచ్చినప్పుడు రక్తపోటు కాసేపు పెరిగి మళ్లీ దిగిపోతుంది. అది ఎవరికైనా జరిగేదే. డాక్టర్లు జబ్బు అనేది దాన్ని కాదు. ప్రశాంతంగా కూర్చోబెట్టి, వేరువేరు రోజుల్లో కొలిచినా కూడా పై అంకె 140కి గానీ, కింది అంకె 90కి గానీ తగ్గకుండా ఉంటే, అదీ జబ్బు. అది నెమ్మదస్తులకీ వస్తుంది, సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది, ముప్పై ఏళ్ల కుర్రాళ్లకీ వస్తుంది. చాలామందికి తలనొప్పి ఉండదు, కళ్లు తిరగవు, ఏ గుర్తూ ఉండదు. ఓ తెల్లవారుజామున మూతి వంకరపోయి, ఒక చెయ్యి పడిపోయి ఆస్పత్రికి మోసుకొచ్చినప్పుడు, ఇన్నేళ్లూ బీపీ ఉందని అప్పుడు తెలుస్తుంది.

2019 నుంచి 2021 వరకు జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఊళ్ల లెక్క ఉంది. పదిహేనేళ్లు దాటినవాళ్లలో రక్తపోటు ఎక్కువగా ఉన్నవాళ్లూ, దానికి మాత్రలు వాడుతున్నవాళ్లూ కలిపి ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లలో నూటికి 29 మంది, ఆడవాళ్లలో 25 మంది. తెలంగాణలో మగవాళ్లలో 31 మంది, ఆడవాళ్లలో 26 మంది. దేశం మొత్తం సగటు కంటే రెండు రాష్ట్రాలదీ ఎక్కువే. ఇప్పుడు ఈ మాటలు వింటున్న ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే, వాళ్లలో ఒకరికి బీపీ ఉండే అవకాశం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో బీపీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి అది ఉన్నట్టే తెలియదు. తెలిసినవాళ్లలో కూడా అదుపులో పెట్టుకున్నవాళ్లు తక్కువ.

ఈ జబ్బుకి మంచి మందులున్నాయి, చవకగా ఉన్నాయి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఊరికే ఇస్తారు. వ్యాయామం చేస్తే తగ్గుతుందని అందరికీ తెలుసు. ఉప్పు తగ్గించాలని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఇన్ని తెలిసీ ఎందుకు తగ్గడం లేదు? నాకు తోచిన కారణం ఒకటే. ఈ జబ్బును మనం ప్రతి మనిషికీ విడివిడిగా అప్పగించేశాం. నీ మాత్ర నువ్వు వేసుకో, నీ నడక నువ్వు నడువు, నీ ఉప్పు నువ్వు తగ్గించుకో అన్నాం. నొప్పి లేని జబ్బుకి, రోజూ చెయ్యాల్సిన పనిని, ఒంటరి మనిషి ఎన్నాళ్లు చేస్తాడు? జ్వరమైతే ఒళ్లే గుర్తుచేస్తుంది. బీపీని గుర్తుచేసేది ఏదీ లేదు. ఆ గుర్తుచేసే పని పక్క మనుషులు చెయ్యాలి. అందుకే ఈవేళ నేను మాట్లాడేది పదిమంది కలిసి చేసే వ్యాయామం గురించి.

ముందు, నడిస్తే ఒంట్లో ఏం జరుగుతుందో రెండు మాటలు చెబుతాను. నడిచేటప్పుడు కండరాలకు రక్తం ఎక్కువ కావాలి, గుండె గట్టిగా కొట్టుకుంటుంది, రక్తనాళాల్లో ప్రవాహం పెరుగుతుంది. ఆ ప్రవాహపు ఒరిపిడికి నాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది నాళాన్ని వదులు చేస్తుంది. ఈ సంగతి కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పొలానికి నీరు పెట్టే రబ్బరు గొట్టం ఎండకు బిగుసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, మెత్తగా ఉంటే తగ్గుతుంది. రక్తనాళం కూడా అంతే. అరగంట చురుగ్గా నడిచి ఆగిన తర్వాత రక్తపోటు మామూలు కంటే కిందికి దిగి, కొన్ని గంటలపాటు, కొందరిలో దాదాపు రోజంతా అలాగే ఉంటుంది. మర్నాడు మళ్లీ నడిస్తే మళ్లీ దిగుతుంది. ఇలా వారాల తరబడి సాగితే విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా అంకె తగ్గుతుంది. మానేస్తే కొన్ని వారాల్లోనే వెనక్కి పోతుంది. కాబట్టి ఎంత బాగా చేశామన్న దానికంటే ఎన్నాళ్లు మానకుండా చేశామన్నదే ముఖ్యం.

మానకుండా చెయ్యడంలోనే మనం ఓడిపోతాం. జనవరి ఒకటో తారీఖున కొత్త బూట్లు కొంటాం, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి నడక ఆగిపోతుంది. ఆరంభశూరత్వం మన ఒక్కరి లోపమేమీ కాదు, ఒంటరిగా మొదలుపెట్టిన ఏ వ్యాయామానికైనా ఇదే గతి. ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు 2015లో ఒక మంచి పని చేశారు. గుంపుగా నడిచేవాళ్ల మీద అప్పటిదాకా వేరువేరు దేశాల్లో జరిగిన 42 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. మొత్తం 1843 మంది. వాళ్లలో పై అంకె సగటున మూడున్నర పాయింట్ల పైచిలుకు, కింది అంకె మూడు పాయింట్ల పైచిలుకు తగ్గింది. నాకు వీటికంటే విలువైనదిగా కనిపించిన అంకె ఇంకొకటుంది. గుంపులో చేరినవాళ్లలో దాదాపు నూటికి 75 మంది చివరిదాకా మానకుండా నడిచారు. ఒంటరిగా మొదలుపెట్టే వ్యాయామంలో అంతమంది నిలబడటం చాలా అరుదు.

మూడున్నర పాయింట్లేనా, 160 ఉన్న మనిషికి 156 అయితే ఏం ఒరిగింది అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. 160 ఉన్నవాళ్లకు మాత్ర కావాలి, నడక ఒక్కటే చాలదు. ఆ మాట మళ్లీ చెబుతాను. కానీ ఊరంతటికీ ఆ మాత్రం తగ్గితే లెక్క మారుతుంది. 2021లో లాన్సెట్ పత్రికలో మూడు లక్షల నలభై వేల మందికి పైగా రోగుల వివరాలతో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. మందులతో పై అంకె 5 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు సుమారు పదో వంతు తగ్గాయని అందులో తేలింది. అసలు బీపీ అంతగా లేనివాళ్లలో కూడా ఆ మేలు కనిపించింది. ఆ గండం రావాల్సిన పది కుటుంబాల్లో ఒకటి తప్పించుకోవడం చిన్న సంగతి కాదు. పక్షవాతం వచ్చిన ఇంట్లో ఒక మనిషి మంచాన పడితే, ఇంకో మనిషి ఆ మంచం పక్కనే ఉండిపోవాలి. ఆ రెండో మనిషి సాధారణంగా ఆ ఇంటి కోడలో కూతురో అవుతుంది.

ఇప్పుడు మిమ్మల్ని పసిఫిక్ మహాసముద్రం మధ్యకు, హవాయి దీవులకు తీసుకువెళతాను. అక్కడి మూలవాసులకు హులా అనే నృత్యం ఉంది. చేతులు, నడుము, పాదాలు కదిలిస్తూ, పాటతో కథ చెప్పే నాట్యం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ప్రభావంతో దాన్ని బహిరంగంగా ఆడకూడదన్నారు. తర్వాత కలకౌవా అనే రాజు దానికి మళ్లీ గౌరవం తెచ్చాడు. ఆ దీవుల్లో మూలవాసులకు బీపీ, గుండెజబ్బు అక్కడి తెల్లవాళ్ల కంటే ఎక్కువ. నడవండి, జిమ్‌కి వెళ్లండి అని ఎంత చెప్పినా పెద్దగా ఫలితం లేదు. అప్పుడు హవాయి విశ్వవిద్యాలయంలోని కహోలోకులా అనే మూలవాసి ఆచార్యుడూ, ఆయన బృందమూ ఒక ఆలోచన చేశారు. వీళ్లకు ఇష్టమైన వ్యాయామం వీళ్ల దగ్గరే ఉంది కదా, దాన్నే మందుగా ఇచ్చి చూద్దాం అనుకున్నారు.

బీపీ అదుపులో లేని 263 మందిని తీసుకుని, చీట్లు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. అందరికీ ముందు గుండె ఆరోగ్యం గురించి కొన్ని పాఠాలు చెప్పారు. ఒక జట్టుకు అంతటితో సరి. రెండో జట్టుకు, హులా గురువుల దగ్గర వారానికి రెండుసార్లు, గంట చొప్పున మూడు నెలలు నృత్యం నేర్పించారు. ఆ తర్వాత మూడు నెలలు నెలకొక్క పాఠం, మిగతాది వాళ్లే సాధన చెయ్యాలి. మొదటి మూడు నెలలకు కొలిస్తే, పాఠాలు మాత్రమే విన్న జట్టులో పై అంకె సగటున 12 పాయింట్ల దాకా తగ్గింది, హులా ఆడిన జట్టులో 15 పాయింట్లు తగ్గింది. ఇంకో రకంగా చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 130 మీద 80 కంటే కిందికి వచ్చినవాళ్లు హులా జట్టులో నూటికి 43 మంది, పాఠాలు మాత్రమే విన్న జట్టులో 21 మంది. ఈ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే, వాళ్లు జనాన్ని కొత్త అలవాటులోకి లాగలేదు. జనం గర్వంగా చెప్పుకునే దాన్ని పట్టుకుని, దాని పక్కన బీపీ మిషను పెట్టారు.

ఈ అధ్యయనం చదివినప్పటి నుంచి నా మనసులో కోలాటం తిరుగుతోంది. ఈ పది పదిహేనేళ్లలో మన ఊళ్లలో కోలాటం ఎంత పెరిగిందో మీరు చూస్తూనే ఉన్నారు. ఒకే రంగు చీరలు కట్టుకుని, ముప్పై ఏళ్ల కోడళ్ల నుంచి అరవై దాటిన అత్తగార్ల దాకా, రామాలయం ముందు సాయంత్రాలు సాధన చేస్తున్నారు. గురువును పిలిపించుకుని నెలల తరబడి నేర్చుకుంటున్నారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో వాహనం ముందు ఆడటానికి పేర్లిచ్చి, తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. పొద్దున్నే చెప్పులేసుకుని మైదానానికి వెళ్లి నడవమంటే "నలుగురూ ఏమనుకుంటారో" అని వెనకాడే ఆడవాళ్లు, దేవుడి ముందు కోలాటానికి మొహమాటం లేకుండా వస్తారు. ఇంట్లో వాళ్లు కూడా అడ్డు చెప్పరు. ఇంత సులువుగా ఆడవాళ్లను గడప దాటించే వ్యాయామం మన దగ్గర ఇంకొకటి లేదు.

ఎంత వేగంగా ఆడాలన్నది ఒక్కటి చూసుకుంటే చాలు. వ్యాయామం పనికొచ్చేంత చురుగ్గా ఉందా లేదా అని తెలుసుకోవడానికి డాక్టర్లు ఒక సులువు చెబుతారు. ఆ సమయంలో మాట్లాడగలగాలి, కానీ పాట పాడటం కష్టం కావాలి. కోలాటం నెమ్మదిగా మొదలై, పోనుపోను నడక పెరుగుతుంది. ఆ పెరిగిన నడకలో పాట అందుకోవడానికి ఆయాసం వస్తోందంటే, అదీ కావలసిన మోతాదు. పాడే బాధ్యత ఒకరిద్దరికి అప్పగించి, వాళ్లను మార్చుకుంటూ ఉంటే సరిపోతుంది. వారానికి 150 నిమిషాలు ఒక మోస్తరు చురుకైన శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గెంతులు మానేసి అడుగులు మాత్రమే వేయవచ్చు. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులూ ఊరి ఆడవాళ్లంతా గుండ్రంగా తిరిగి ఆడతారు. తొమ్మిది రోజుల తర్వాత ఆ గుంపు విడిపోకుండా, వారానికి కొన్ని సాయంత్రాలు కలుసుకుంటే ఎంత బాగుంటుంది!

మగవాళ్ల సంగతికి వస్తాను. మన పట్టణాల్లో వాకర్స్ అసోసియేషన్లు లేని ఊరు లేదు. జూనియర్ కాలేజీ మైదానమో, మునిసిపల్ పార్కో, చెరువు గట్టో, తెల్లవారకముందే అక్కడ జనం. విశాఖలో బీచ్ రోడ్డు మీద, హైదరాబాదులో కేబీఆర్ పార్కు చుట్టూ ఎన్ని వేలమంది నడుస్తారో. ఈ సంఘాలు పెట్టినవాళ్లు గొప్ప మేలు చేశారు. ఎవరూ జీతం ఇవ్వకుండా, ఎవరూ ఆజ్ఞ వేయకుండా, రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, వ్యాపారులు కలిసి ఇంత పెద్ద అలవాటును నిలబెట్టారు. రెండు రోజులు కనిపించకపోతే "ఏమండీ, ఒంట్లో బాగాలేదా" అని ఫోన్ చేసే మనిషి అక్కడ ఉంటాడు. ఆ ఫోన్ విలువ ఎంతో నేను చెప్పలేను.

అయితే ఆ మైదానంలో ఎవరు లేరో కూడా చూడాలి. బస్సు డ్రైవర్లు లేరు. టైలర్లు, కిరాణా కొట్టు గుమాస్తాలు, అపార్టుమెంట్ల వాచ్‌మెన్లు, ఆటో నడిపేవాళ్లు లేరు. రోజంతా కూర్చుని పనిచేసేవాళ్లే ఎక్కువగా రావాలి, వాళ్లే రాలేకపోతున్నారు. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, 1953లో ఫలితాలు అచ్చువేశాడు. డ్రైవరు రోజంతా కూర్చుని ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కుతాడు. ఒకే బస్సు, ఒకే పొగ, ఒకే జీతాల తరగతి, అయినా కండక్టర్లలో గుండెజబ్బు డ్రైవర్ల కంటే తక్కువ, వచ్చినా అంత తీవ్రంగా లేదు. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధం మీద ఆధునిక పరిశోధనంతా అక్కడి నుంచే మొదలైందంటారు. మన బస్సు డిపోల్లో డ్యూటీ ఎక్కే ముందు పావుగంట, దిగాక పావుగంట డ్రైవర్లంతా కలిసి వ్యాయామం చేసే ఏర్పాటు ఉంటే, ప్రయాణికులకు కూడా అది భద్రతే. స్టీరింగు పట్టుకున్న మనిషికి గుండెపోటు వస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నడవడానికి చోటూ సమయమూ లేనివాళ్లకు ఒక మంచి కబురుంది. 2023లో బ్రిటన్ పరిశోధకులు 270 అధ్యయనాలను కలిపి, ఏ వ్యాయామం బీపీని ఎంత తగ్గిస్తోందో చూశారు. నడక, పరుగు లాంటివి పై అంకెను నాలుగున్నర పాయింట్లు తగ్గిస్తే, కదలకుండా కండరాలను బిగబట్టి నిలబెట్టే వ్యాయామాలు 8 పాయింట్లు తగ్గించాయి. అలాంటి వాటిలో ముందు వరసలో ఉన్నది మనందరికీ తెలిసినదే. గోడకుర్చీ! లెక్కలు తప్పు చేస్తే మాస్టారు వేయించిన గోడకుర్చీయే. వీపు గోడకు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు రెండు నిమిషాలు ఉండాలి. తర్వాత రెండు నిమిషాలు విశ్రాంతి. ఇలా నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. మొదట్లో మోకాళ్లు పూర్తిగా వంచకుండా, అర నిమిషంతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, మామూలుగా పీల్చి వదులుతూ ఉండాలి. ఊపిరి బిగబడితే ఆ క్షణంలో బీపీ బాగా పెరిగిపోతుంది. కొట్టు షట్టరు ఎత్తేముందు పక్కపక్క కొట్లవాళ్లు నలుగురూ కలిసి ఇది చేయవచ్చు, పదిహేను నిమిషాల పని.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. నాట్లు వేసి, కలుపు తీసి, ఇంటికొచ్చి బిందెలు మోసే వ్యవసాయ కూలీ తల్లికి "రోజూ నడవమ్మా" అని చెప్పే హక్కు మనకెవరికీ లేదు. ఆమె ఒళ్లు విశ్రాంతి అడుగుతోంది. అంత కష్టపడే మనుషులకు కూడా బీపీ వస్తుంది, ఎందుకంటే శ్రమ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. గంజికీ పచ్చడికీ పట్టే ఉప్పు, పొగాకు, చుట్ట, మగవాళ్లలో సారా, నిద్రలేమి, వంశంలో ఉన్న గుణం, అన్నీ కలుస్తాయి. ఆమెకు సంఘం ఇవ్వాల్సింది వ్యాయామం కాదు. నెలకొకసారి బీపీ చూడటం, మాత్రలు ఊళ్లోనే దొరికేలా చూడటం, ఆ మాత్ర ఎందుకు మానకూడదో ఓపికగా చెప్పడం. డ్వాక్రా సంఘాల్లో ప్రతి సమావేశానికీ పొదుపు పుస్తకం తెరుస్తారు. ఆ పుస్తకం పక్కనే బీపీ చీటీ కూడా ఉండొచ్చు. నెలకు ఒక్క రోజు ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో ఆ సమావేశానికి వస్తే చాలు.

ఇది ఊహ కాదు. 2017లో మన దేశంలో బీపీ అదుపు కోసం ఒక జాతీయ కార్యక్రమం మొదలైనప్పుడు, మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే పద్ధతిలో మందులు, పెద్దాస్పత్రికి పోనక్కర్లేకుండా ఇంటి దగ్గరి కేంద్రంలోనే మాత్రలు, రాని వాళ్లను ఫోన్ చేసి పిలవడం, ఇవీ ఆ కార్యక్రమం సూత్రాలు. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి వేదిక మీద పురస్కారం వచ్చింది. పక్క దేశాల సంగతి చూస్తే, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, మాట్లాడి, డాక్టరు దగ్గరకు పంపితే రెండేళ్లలో పై అంకె, ఆ ఏర్పాటు లేని పల్లెల కంటే 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది. ఆ పని చేసినవాళ్లు మన ఆశా కార్యకర్తల లాంటివాళ్లే.

బ్రెజిల్‌లో రెసిఫె అనే నగరం ఇంకో దారి చూపించింది. 2002 నుంచి అక్కడ పార్కుల్లో, కూడళ్లలో ఉచితంగా వ్యాయామ తరగతులు పెట్టారు. నేర్పేది శిక్షణ పొందిన వ్యాయామ ఉపాధ్యాయులు, వాళ్లకు జీతం ఇచ్చేది ప్రభుత్వం. 2011లో బ్రెజిల్ ఆరోగ్య శాఖ ఆ నమూనాను దేశమంతటికీ తీసుకుంది. మన పార్కుల్లో ఓపెన్ జిమ్ములు చాలా పెట్టారు, సంతోషం. కానీ నేర్పే మనిషి లేని ఇనుప సామాను పిల్లలు ఊగే ఉయ్యాలైపోతోంది. సామాను కంటే ముందు మనిషి కావాలి. మన చాలా హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారు ఉన్నాడు, మైదానం ఉంది. సాయంత్రం ఐదున్నర తర్వాత ఆ మైదానం గేటుకు తాళం పడుతుంది. వారానికి మూడు సాయంత్రాలు ఆ తాళం తీయించి, దీపాలు వెలిగించి, డ్రిల్లు మాస్టారుకు గౌరవంగా కొంత పైకం ఇచ్చి, ఊరివాళ్లకు ఒక గంట నేర్పించమంటే పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. 2025 జూన్ 21న విశాఖ సముద్ర తీరంలో దాదాపు మూడు లక్షల మంది ఒకేసారి యోగా చేశారు. గొప్ప దృశ్యం. కానీ బీపీకి పనికొచ్చేది జూన్ 22న, 23న, ఆ తర్వాతి సోమవారం కూడా వచ్చిన మనుషుల లెక్కే. డబ్బూ శ్రద్ధా ఆ రోజుల మీద పెట్టాలి.

ఇక గుంపు పెట్టాలనుకునేవాళ్లకు కొన్ని పనికొచ్చే మాటలు. మొదటి రోజే ఒక బీపీ మిషను కొనండి. మణికట్టుకు పెట్టేది వద్దు, దండకు చుట్టేది. రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది, ఇరవై మంది వేసుకుంటే తలా వంద. నడిచి రాగానే కొలవకండి, ముందే కొలవండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్టు వద్దు. కొలుస్తున్నప్పుడు మాట్లాడకూడదు. రెండుసార్లు కొలిచి తారీఖు వేసి రాయండి. పై అంకె 180 గానీ, కింది అంకె 110 గానీ, లేదా అంతకు మించి గానీ ఉంటే ఆ రోజు వ్యాయామం వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నడుస్తుంటే ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే అక్కడే ఆగిపోవాలి, 108కి ఫోన్ చెయ్యాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండల్లో ఏడు గంటల తర్వాత నడక మంచిది కాదు. మూత్రం ఎక్కువ పోయే రకం బీపీ మాత్రలు వాడేవాళ్లు వేసవిలో తమ మందు సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి.

నడక అయ్యాక అందరూ కలిసి టిఫిన్ సెంటరుకు వెళ్లడం మన అలవాటు. వెళ్లండి, ఆ కబుర్లే గుంపును నిలబెడతాయి. కానీ అక్కడి పచ్చళ్లలో, సాంబారులో, కారప్పొడిలో ఉప్పు ఎంత ఉంటుందో గమనించండి. రోజు మొత్తానికి ఒక మనిషికి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాముల ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, మజ్జిగలో వేసుకునే ఉప్పు కలిస్తే మధ్యాహ్నానికే అది దాటిపోతుంది. ఇరవై మంది ఖాతాదారులు ఒకేసారి "ఉప్పు తగ్గించి చెయ్యండి బాబూ" అని అడిగితే హోటలాయన వింటాడు. ఒక్కరు అడిగితే వినడు.

అన్నిటికంటే ముఖ్యమైనది మాత్ర సంగతి. గుంపులో చేరాక అంకె తగ్గగానే "నాకు తగ్గిపోయింది, మాత్ర మానేశాను" అని చెప్పేవాళ్లు ఉంటారు. పక్కవాళ్లు కూడా మానేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అంకె తగ్గింది మాత్రా నడకా రెండూ కలిసి పనిచేసినందువల్ల. మోతాదు తగ్గించాలా, మానాలా అన్నది మీ చీటీ చూసి డాక్టరు చెప్పాలి. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట" అని భయపడి మాత్ర మొదలుపెట్టనివాళ్లకు కూడా చెబుతున్నాను. జీవితాంతం వేసుకోవాల్సి రావచ్చు. వేసుకోండి. ఆ జీవితం మంచం మీద కాకుండా కాళ్ల మీద గడవడానికే ఆ మాత్ర.

ఇప్పటికే ఏదో ఒక మైదానంలో పదిమందితో నడుస్తున్న అన్నయ్యలకు, బాబాయిలకు ఒక విన్నపం. రేపు వెళ్లేటప్పుడు మీ వీధిలో కూర్చుని పనిచేసే ఒక మనిషిని, ఆ టైలరునో, కొట్టు గుమాస్తానో వెంట తీసుకెళ్లండి. కోలాటం నేర్చుకుంటున్న అక్కయ్యలకు, పిన్నిగార్లకు ఇంకొకటి. ఈ వారం సాధనకు మీ ఊరి ఏఎన్ఎమ్ గారిని పిలవండి, కర్రలు పట్టుకునే ముందు అందరూ ఒకసారి బీపీ చూపించుకోండి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉచితం.